ట్రైలర్ గోడ వెనక

ఇండియానా రాష్ట్రం ఉత్తరపు అంచున ఎల్క్‌హార్ట్ అని ఓ ఊరుంది. ఒకప్పుడు బ్యాండు మేళం బాకాలకు, సాక్సఫోన్లకు పేరు మోసిన ఊరు. ఇప్పుడు అమెరికాలో తయారయ్యే ఆర్‌వీల్లో, అంటే ఇల్లులాంటి ప్రయాణపు బండ్లలో, నూటికి ఎనభై దాకా ఈ చుట్టుపక్కలే పుడతాయంటారు. వాటి కోసం ఇరుసులు చేసేవాళ్లు, కిటికీలు చేసేవాళ్లు, ప్లైవుడ్ కోసేవాళ్లు వచ్చి చేరారు. వాళ్లను ఆసరా చేసుకుని సామాను మోసే ట్రైలర్ల షెడ్లు లేచాయి. చేతిలో డబ్బు ఆడనప్పుడు జనం మొదట మానుకునేది ఇలాంటి కొనుగోళ్లే. అందుకే 2009లో ఇక్కడ నిరుద్యోగం 18 శాతం దాటింది. పదవిలోకొచ్చిన నెల తిరక్కుండానే ఒబామా ఈ ఊరికి రావాల్సొచ్చింది.

షికాగో శివారులో ఉండే మా చెల్లెలి ఇంట్లో, చెల్లెలు తప్ప అందరికీ డర్ట్ బైకుల పిచ్చి. మరిదికి 250, చెల్లెలి పిల్లకి 85, పిల్లాడికి 65 సీసీ బండి. వీటికి హెడ్‌లైటు ఉండదు, నంబరు ప్లేటు ఉండదు, రోడ్డెక్కే హక్కే లేదు. మట్టి ట్రాక్ దాకా ఇంకో బండి మోసుకెళ్లాలి. మన దగ్గరైతే బొలెరో పికప్‌లోకి ఎత్తి, తాళ్లు బిగించి పోతారు. ఇక్కడ మంచు, వాన, హోటల్ పార్కింగులో దొంగలు. అన్నివైపులా మూసి ఉన్న ట్రైలరే కొనాలనుకున్నారు. డీలర్ల దగ్గర వరసగా నిలబెట్టినవన్నీ తెల్లగా మెరుస్తూ ఒక్కలాగే కనిపించాయట. "కట్టేచోటే చూద్దాం, వదినగారూ, మీరూ రండి" అన్నాడు మరిది.

ఎల్క్‌హార్ట్ గడియారం షికాగో కంటే గంట ముందు నడుస్తుంది. మేం తెల్లారగట్లే బయల్దేరినా, ట్రైలర్లు కట్టే షెడ్డుకు వెళ్లేసరికి షిఫ్టు సగానికొచ్చింది. పనివాళ్లలో చాలామంది ఆమిష్ అనే క్రైస్తవ శాఖ మనుషులు. గడ్డాలు, సస్పెండర్లు, చేతిలో గాలితో నడిచే స్క్రూగన్లు. సొంతానికి కారు ఉంచుకోరు, కిరాయి వ్యాన్లలోనో సైకిళ్ల మీదో పనికొస్తారు. కార్ల వెనక తగిలించే బండ్లను ఇంత ఒడుపుగా కట్టేది కారెరగని ఈ మనుషులేనన్నది నాకు భలే తమాషాగా అనిపించింది. చీకటితో మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ముగించుకుని ఇళ్లకు పోతారు.

మాకు దారి చూపించిన మేస్త్రీ మొదట అడిగింది ట్రైలర్ గురించి కాదు. "దేంతో లాగుతారు?" అన్నాడు. మరిదిది హోండా పైలట్, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందేది. అది లాగగలిగింది 5,000 పౌండ్లు, అంటే 2,270 కిలోలు. మరిది మనసులో ఉన్నదేమో ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున్న పెద్దది. రాత్రిళ్లు అందులోనే పడుకోవచ్చని ఆశ. ఖాళీగానే అది 3,000 పౌండ్ల పైమాట. కాయితం మీద లెక్క సరిపోతుంది. కానీ అంత వెడల్పు గోడ హైవే మీద ఎదురుగాలిని మోస్తుంటే ఆ కారు పడే అవస్థ కాయితంలో ఉండదు. పైగా ఎనిమిదిన్నర అడుగులది కాబట్టి చక్రాలు లోపలికే వస్తాయి. వాటి మీద కట్టిన పెట్టెల మధ్య మిగిలే నేల ఏడడుగులకు కాస్త తక్కువ. ఏడడుగుల ట్రైలర్‌కు చక్రాలు బయటే ఉంటాయి, లోపల గోడలు నిటారుగా సాగుతాయి. ఈ మాట వినగానే మరిది మొహం చిన్నబోయింది.

చిన్నవాటిలో ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, ఒకే ఇరుసు. దాని మొత్తం బరువు హద్దు 2,990 పౌండ్లని పలక మీద కొట్టి ఉంది. బాటా చెప్పుల ధరలాంటి అంకె ఇది. చాలా రాష్ట్రాల్లో 3,000 దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకులుండాలి. పది పౌండ్లు తగ్గించి రాస్తే బ్రేకుల ఖర్చు తప్పుతుంది. వీళ్ల మూడు బైకులూ కలిపి 525 పౌండ్లకు మించవు కాబట్టి బరువు వరకు ఇదీ చాలు. నాకు మాత్రం పిల్లలున్న కారు వెనకాల బ్రేకు లేని బండి తగిలించి నడపడం నచ్చలేదు.

షెడ్డులో అసలు చూడాల్సింది రేకు పడని గోడలు. ఒక వరసలో ఇనుప నిలువులు పదహారు అంగుళాలకొకటి, పక్క వరసలో ఇరవైనాలుగు అంగుళాలకొకటి. నేల కింద అడ్డకమ్మీలదీ అదే తేడా. పైన అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్ బిగించాక రెంటికీ తేడా తెలియదు. బైకును కట్టే గుండ్రటి కొక్కేలు ఉత్త ప్లైవుడ్‌కు బిగిస్తే గతుకుల్లో ఊడొస్తాయి, కింద కమ్మీ దొరికినచోటే దిగాలి. లోపల అలమరాలకీ, రంగు దీపాలకీ డబ్బు పోసేవాళ్లు ఈ నిలువుల దూరం అడగరని మేస్త్రీ నవ్వాడు. నా లెక్కలో ట్రైలర్ బేరమంతా ఈ ఎనిమిది అంగుళాల తేడా మీదే జరగాలి.

ఇరుసుల దగ్గర కాసేపు వాదన నడిచింది. గొట్టంలో రబ్బరు కడ్డీలు నలిగి కుదుపు తాగే టోర్షన్ రకం మెత్తగా పోతుంది, నేల కిందికి దిగుతుంది, బైకులు ఎక్కించే ర్యాంపు వాలు తగ్గుతుంది. కానీ రెండు ఇరుసుల బండికి కమాన్ కట్టలైతే నడిమి బద్ద ఒకటి ఊగుతూ బరువును రెండు ఇరుసులకూ పంచుతుంది. విరిగితే ఏ ఊళ్లోనైనా మార్చుకోవచ్చు. నేను కమాన్ కట్టల పక్షం.

మేస్త్రీ సుద్దముక్కతో నేల మీద బైకులు గీశాడు. పెద్ద బైకు హ్యాండిల్ 32 అంగుళాలు. మూడు పెద్దవి పక్కపక్కన పెడితే 96, ఏడడుగుల ట్రైలర్‌లో పట్టవు. రెండింటిని ముందుకు, మధ్యదాన్ని వెనక్కి జరిపి, ముఖం అటు తిప్పి పెట్టాలి. పెట్రోలు డబ్బాలు, పనిముట్లు, హెల్మెట్లు కోసుగా ఉన్న ముక్కు భాగంలోకి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారుకు తగిలించే నొగ మీద పడాలి. బరువంతా వెనక్కి పోతే ట్రైలర్ తోక ఊపుతుంది, దాని వెంట కారూ ఊగుతుంది. మరీ ముందుకు పోతే కారు వెనక చక్రాలు కుంగి, స్టీరింగు తేలిపోతుంది. పైలట్‌కు నొగ హద్దు 500 పౌండ్లు. "అయితే నా బైక్ ముందు పెట్టాలా, వెనకా, పెద్దమ్మా?" అని పిల్ల నన్నడిగింది. తెలిసినవాళ్లనే అడగమన్నాను.

పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైంది, నేలకే అంటుకుని ఉంటుంది. పైన మాత్రమే గాలి మూత పెట్టిస్తే లాభం లేదు, పక్క గోడల్లో కింద కూడా గాలికంతలు కావాలి. ఇది రాయించుకోకపోతే ఎవరూ తమంతట తాము పెట్టరు.

చివరికి ఏడడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు, రెండు ఇరుసులకూ బ్రేకులు, పదహారు అంగుళాల నిలువులు ఖాయమయ్యాయి. ఖాళీ బరువు 2,200 పౌండ్లు. బైకులు, సామాను వేసినా 3,200 దగ్గర ఆగుతుంది. అక్కడికి గంటలోపు దూరంలోనే మిషిగన్ బుకానన్‌లో రెడ్‌బడ్ ట్రాక్ ఉంది. 2018లోనూ 2022లోనూ దేశాల జట్ల మోటోక్రాస్ పోటీ జరిగింది అక్కడే, రెండోసారి అమెరికా గెలిచింది. మొదటి ప్రయాణం అక్కడికేనని పిల్లలు పట్టుబట్టారు. కొత్త ట్రైలర్ చక్రాల నట్లు మొదటి 50 మైళ్లలో మళ్లీ బిగించాలని మేస్త్రీ రెండుసార్లు చెప్పాడు.

పిల్ల నల్లరంగు కావాలంది. ఎండలో నల్లది పొయ్యిలా కాగుతుంది, లోపల పెట్రోలు ఉంటుందని తెల్లదే రాయించారు. అలిగింది. స్పేరు టైరు ధరలో కలవలేదు, విడిగా కొనాలట.