ముందు మానిటరు, ఆ తర్వాతే వైర్‌లెస్

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. ఎవరైనా "ఏ లాప్‌టాప్ కొనమంటావు?" అని అడిగితే చాలు, దాంతో ఏం పని చేస్తావు అని అడక్కుండానే ప్రాసెసరూ ర్యామూ అంటూ మొదలెట్టేస్తాం. లాప్‌టాప్ అయితే పోనీలెండి, ఏది కొన్నా పని జరిగిపోతుంది. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళ సామాను సంగతి అట్లా కాదు.

మా మేనమామ కొడుకు, నాకు బావ, ప్రొద్దుటూరులో స్టూడియో నడుపుతాడు. గింబల్ పట్టుకుని తీసేది ఆయనే. ఆ మధ్య ఫోన్ చేసి, "ఏమిరా, కంప్యూటర్లు సదివినోడివి గదా, గింబల్‌కు వైర్‌లెస్ కొందామనుకుంటాండా. నాలుగు వందల అడుగులు వస్చాదంట. యాది తీసుకోమంటావు?" అన్నాడు. డబ్బు ఎక్కడిది బావా అంటే, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తున్నాడట.

అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం! ముహూర్తాలేమో ఏడాదిలో కొన్ని నెలలే. మూఢం వచ్చిందంటే కెమెరా బ్యాగులోనే, వడ్డీ మాత్రం మూఢంలోనూ నడుస్తుంది. ఇంకో సంగతి, సినిమావాళ్ళకి రెండో టేకు ఉంటుంది, తాళి కట్టడానికి ఉండదు. ఆ క్షణంలో తెర నల్లగా అయిపోతే పెళ్ళివాళ్ళు మిగతా డబ్బు ఎగ్గొట్టడమే కాదు, ఊరంతా చెప్పుకుంటారు. కాబట్టి ఈ ప్రశ్నకి ఏదో ఒక లింకు పంపి చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు. బావ పనిచేసే మూడు ఊళ్ళ లెక్క వేరువేరుగా వేసి చూశా. అవి మూడూ మూడు రకాల సమస్యలు.

అసలు గింబల్‌కి మానిటర్ ఎందుకు? ట్రైపాడ్ మీద కెమెరా ఉంటే కన్ను వ్యూఫైండర్‌కి ఆనించి తీయొచ్చు. స్టెబిలైజర్ మీద ఉన్న కెమెరాకి మొహం తగిలిస్తే ఆ కుదుపు షాటులోకి వచ్చేస్తుంది. అందుకే గారెట్ బ్రౌన్ స్టెడీకామ్ కనిపెట్టిన రోజుల నుంచీ (1976లో వచ్చిన బౌండ్ ఫర్ గ్లోరీ, రాకీ సినిమాల్లో దాన్ని వాడారు) ఆపరేటర్ చూసేది కెమెరాని కాదు, విడిగా పెట్టిన తెరని. స్టెడీకామ్‌లో ఆ తెర కింది భాగంలో బ్యాటరీతో పాటు ఉండి, పైనున్న కెమెరాకి సరితూగే బరువుగా కూడా పనికొస్తుంది. అంటే మానిటర్ అలంకారం కాదు, ఆపరేటర్ కన్నే అది. ఆ కన్నుకి ఏమీ కనపడకపోతే గింబల్ ఎంత ఖరీదుదైనా దండగే.

జమ్మలమడుగు: ఎండ

జమ్మలమడుగు దాటి పదిహేను కిలోమీటర్ల దాకా పోతే గండికోట. పెన్నా నది ఎర్రటి కొండల్ని కోసుకుని పోయిన లోయ, కోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. చుట్టుపక్కల ఊళ్ళ పెళ్ళి జంటలకి ప్రీ వెడ్డింగ్ షూట్ అంటే ముందు గుర్తొచ్చేది ఇదే. ఆ లోయ అంచున నీడంటూ ఉండదు.

బావ దగ్గరున్న ఐదంగుళాల మానిటర్ వెలుతురు 450 నిట్స్. మంచి ఎండ అంటే దాదాపు లక్ష లక్స్. తెర అద్దం అందులో ఒక్క శాతం వెనక్కి చిమ్మిందనుకుందాం. లక్షలో ఒక శాతం వెయ్యి, దాన్ని పై (3.14) తో భాగిస్తే సుమారు 318 నిట్స్. అంటే తెర మీద నలుపు ఉండాల్సిన చోట కూడా 318 నిట్స్ తెల్లటి పొర. తెలుపుకీ నలుపుకీ తేడా 768 కి 318, రెండున్నర రెట్లు కూడా లేదు. అందులో పెళ్ళికూతురు మొహం ఫోకస్‌లో ఉందో, వెనకున్న బండ ఫోకస్‌లో ఉందో ఎట్లా తెలుస్తుంది చెప్పండి?

అదే 2200 నిట్స్ తెర అయితే (ఫీల్‌వరల్డ్, పోర్ట్‌కీస్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి) తేడా దాదాపు ఎనిమిది రెట్లు. అద్భుతం కాదు గానీ పని జరుగుతుంది, పైన చిన్న హుడ్ తగిలిస్తే ఇంకా నయం. "ఫోనే మానిటర్‌గా వాడుకోవచ్చు కదా" అనేవాళ్ళుంటారు. మే నెల ఎండలో ఫోను వేడెక్కి, తనంతట తానే వెలుతురు తగ్గించేసుకుంటుంది. సరిగ్గా మనకి కావాల్సినప్పుడే!

వెలుతురు ఊరికే రాదు మరి. ఏడంగుళాల అలాంటి తెర ఉజ్జాయింపుగా 15 నుంచి 20 వాట్లు తాగుతుంది. ఎన్‌పీ-ఎఫ్970 బ్యాటరీలో ఉండేది యాభై వాట్ అవర్ల లోపే, అంటే రెండున్నర మూడు గంటలు. కాబట్టి మానిటర్ ధరలో ఇంకో రెండు బ్యాటరీల ధర కలిపి చూసుకోవాలి. ఒక్క బ్యాటరీయే పావుకిలో పైన ఉంటుంది. అందుకే మానిటర్‌ని కెమెరా నెత్తిన కాకుండా గింబల్ హ్యాండిల్‌కి బిగించాలి. లేకపోతే ఆ బరువంతా మోటార్ల మీద పడుతుంది, కెమెరా వంగినప్పుడల్లా తెరా వంగుతుంది. కెమెరా నుంచి మానిటర్‌కి వచ్చే హెచ్‌డీఎంఐ వైరు సన్నగా, కాస్త వదులుగా ఉండాలి. మందం వైరు గింబల్‌ని ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. సోనీ ఏ7 త్రీ లాంటి కెమెరాల్లో ఉండేది మైక్రో హెచ్‌డీఎంఐ, ఒక్క గుంజుకి ఊడుతుంది, లేదా విరుగుతుంది. ఒక కేబుల్ క్లాంపు తప్పనిసరి.

గమనించారా, గండికోటలో వైర్‌లెస్ ఊసే లేదు. అక్కడ బొమ్మ చూడాల్సింది బావ ఒక్కడే.

ప్రొద్దుటూరు: జనం

ప్రొద్దుటూరులో కథ వేరు. బంగారం వ్యాపారం ఊరు, పెళ్ళిళ్ళు ఘనంగా చేస్తారు. కళ్యాణమండపంలో ఎల్‌ఈడీ తెర, యూట్యూబ్‌లో లైవ్ (అమెరికాలో ఉన్న కొడుకూ కోడలూ చూడాలి కదా). ఇక్కడ గింబల్ బొమ్మ మిక్సింగ్ టేబుల్ దాకా పోవాలి. వైరు లాగితే జనం కాళ్ళకి చుట్టుకుంటుంది. కాబట్టి వైర్‌లెస్ నిజంగా అవసరమైన చోటు ఇది.

అయితే డబ్బా మీద రాసిన నాలుగు వందల అడుగులు మధ్యలో ఎవరూ అడ్డం లేనప్పటి మాట. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే, 5 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్ళు మింగేస్తాయి. పైగా రేడియో తరంగం దారం లాగా పోదు, మధ్యలో ఉబ్బిన పొడుగు దోసకాయ ఆకారంలో పోతుంది. ఇంజనీరింగ్‌లో ఫ్రెనెల్ జోన్ అని చదివి మర్చిపోయాం కదా, అదే. 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర, 60 మీటర్ల దూరానికి, నడిమధ్యన దాని వ్యాసార్ధం సుమారు 88 సెంటీమీటర్లు. అంటే సిగ్నల్ దారి జనం తలల మీద నుంచి మూడడుగులు పైన ఉండాలి. రిసీవర్‌ని టేబుల్ మీద పెట్టి, ముహూర్తం టైముకి అందరూ లేచి అక్షింతలు వేస్తుంటే బొమ్మ ఎందుకు ఆగిందని డబ్బాని తిట్టుకుంటే లాభం లేదు. లైట్ స్టాండ్ ఎక్కించి తొమ్మిది పదడుగుల ఎత్తున పెడితే చాలా మటుకు తీరిపోతుంది. ఖర్చు? ఒక స్టాండు, టేబుల్ దాకా ఒక ఎస్‌డీఐ వైరు.

రెండోది ఆలస్యం. హాలీలాండ్ మార్స్ 400ఎస్ ప్రో లాంటి వాటిలో 80 మిల్లీసెకన్లు. సెకనుకి 25 ఫ్రేములంటే రెండు ఫ్రేములన్నమాట. సినిమాల్లో వాడే టెరాడెక్ బోల్ట్‌లో ఒక మిల్లీసెకను లోపే, ధర కూడా దానికి తగ్గట్టే. మరి ఎనభై సరిపోతుందా? చూసేదెవరన్నదాన్ని బట్టి. దూరంగా కూర్చుని చేత్తో ఫోకస్ తిప్పే మనిషుంటే సరిపోదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 ఎంఎం లెన్సు, ఎఫ్ 1.8, రెండు మీటర్ల దూరం అయితే ఫోకస్‌లో ఉండేది ముందూ వెనకా కలిపి 17 సెంటీమీటర్లే. నడిచే మనిషి 80 మిల్లీసెకన్లలో దాదాపు పది సెంటీమీటర్లు కదులుతాడు. తెర మీద చూసి తిప్పేలోపే మొహం ఫోకస్ దాటిపోతుంది. కానీ బావకి ఫోకస్ పుల్లర్ లేడు, కెమెరా ఆటోఫోకసే ఆ పని చేస్తుంది. ఎల్‌ఈడీ తెరకి, లైవ్‌కి 80 ధారాళంగా సరిపోతుంది. ఒక్క జాగ్రత్త, మిక్సర్‌లో ఆడియోని కూడా అంతే ఆలస్యం చేయాలి. లేకపోతే లైవ్‌లో డోలు మోత ముందొచ్చి, కర్ర వెనక పడుతుంది.

పులివెందుల: గాలిలో రద్దీ

పులివెందులలో పెళ్ళిళ్ళతో పాటు రాజకీయ సభల పనీ వస్తుంది. ఖాళీ మైదానం, దూరం ఉన్నా అడ్డం లేదు, పని సులువే అనుకుంటాం. అక్కడ గాలే ఖాళీ ఉండదు. డ్రోన్లు, వేరే కెమెరాల వైర్‌లెస్‌లు, వైఫై హాట్‌స్పాట్‌లు, చాలా మటుకు అదే బ్యాండులో ఉంటాయి. 2018 అక్టోబరులో కేంద్రం 5150 నుంచి 5350, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. సంతోషమే. కానీ ఆ షరతు పూర్తిగా చదవండి: నువ్వు ఇంకొకరికి అడ్డం రాకూడదు, నీకు ఇంకొకరు అడ్డం వస్తే రక్షణ ఉండదు. లైసెన్సు అక్కర్లేదంటే హక్కూ లేదనే అర్థం.

కాబట్టి సభ పనికి ఒక గంట ముందే పోయి, ఏ ఛానెల్ ఖాళీగా ఉందో స్కాన్ చేసి చూసుకోవాలి. అది చూపించని డబ్బా కొనకూడదు. సిగ్నల్ తగ్గినప్పుడు ఎలా ప్రవర్తిస్తుందో కూడా అడగాలి. బాగా కంప్రెస్ చేసి పంపేవి బొమ్మని ఆపేసి, తర్వాత ఎగిరి దూకుతాయి. బోల్ట్ లాంటివి గింజలు గింజలుగా అవుతాయి గానీ కదలిక ఆగదు. ఏదైనా సరే, ట్రైపాడ్ మీద వైరుతో కలిపిన ఇంకో కెమెరా ఉండి తీరాలి. తాళి కట్టే నిమిషంలో అయినా, నాయకుడు మైకు పట్టుకున్న నిమిషంలో అయినా, మిక్సర్ దగ్గర కూర్చున్నవాడి వేలు ఆ బటన్ మీదే ఉండాలి. మన సర్వర్లకి ఫెయిలోవర్ అంటామే, అదే ఇది.

ఇంత లెక్కేసి బావకి చెప్పింది రెండు ముక్కలు. మంచి వెలుతురున్న మానిటర్, క్లాంపు, వైరు, రెండు బ్యాటరీలు ఇప్పుడు కొను, అవి మూడు ఊళ్ళలోనూ రోజూ పనికొస్తాయి. వైర్‌లెస్‌ని మండపం పని ఉన్న రోజున అద్దెకు తెచ్చుకో, ఒక సీజన్ అద్దె మొత్తం దాని ధరలో సగం దాటితే అప్పుడు సొంతంగా కొను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే అప్పు సగానికి సగం తగ్గుతాదిరా" అన్నాడు. నిట్స్, ఫ్రెనెల్ అన్నీ విని చివరికి ఆయన పట్టుకున్న అంకె అదొక్కటే. నాకు తప్పనిపించలేదు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి అన్నలూ బావలూ ఉండే ఉంటారు, మిమ్మల్నీ అడుగుతారు. స్పెక్కులు చూసేముందు ఈ మూడు ప్రశ్నలు వాళ్ళని అడగండి: ఆ బొమ్మని చూసేది ఎవరు? ఎండలో చూస్తారా, నీడలోనా? సిగ్నల్ పోతే పక్కన ఏముంది? జవాబులు వచ్చాక ఏ కంపెనీ అన్నది పావుగంట పని.