అలసిపోయింది

మా మనవరాలు అమెరికాలో, బళ్ళో లాటిన్ చదువుతోంది. మొన్న ఫోనులో "అమ్మమ్మా, విను" అని పాఠం ఒప్పజెప్పింది. ఫెస్సుస్, ఫెస్సా, ఫెస్సుమ్. "అలసిన" అని అర్థమట. మగవాడైతే ఫెస్సుస్, ఆడదైతే ఫెస్సా, రెండూ కాకపోతే ఫెస్సుమ్. బహువచనానికి వేరే, విభక్తికో రూపం వేరే. అలసిపోవడానికి ఇంత తతంగమా!

"మనకా బెడద లేదే. అలసిన మనిషి, అలసిన ఎద్దు, అలసిన కాళ్ళు... మాట కదలదు, మెదలదు" అని గొప్పగా చెప్పాను.

ఫోను పెట్టేశాక పట్టుకుంది అనుమానం. విశేషణం సరే, క్రియ మాటేమిటి? నాన్న అలసిపోయాడు. ఎద్దు అలసిపోయింది. అమ్మ? అమ్మా అలసిపోయింది! ఏకవచనంలో మన క్రియ మగవాణ్ణొక్కణ్ణే విడిగా నిలబెట్టి, మనల్ని గొడ్డూగోదాతో కలిపేస్తుంది. నలుగురు ఆడవాళ్ళం కూడితేనే "అలసిపోయారు" అని మనుషుల్లో లెక్క. లేదా ఎవరైనా గౌరవించి "గారు" తగిలించాలి.

1820లో మా కడపకు వచ్చిన బ్రౌను దొర 1852లో అచ్చువేయించిన నిఘంటువు తెరిచాను. అలయు, బడలు, డస్సు... మాటలకేం కొదవ లేదు. మా అమ్మ మాత్రం వీటిలో ఒక్కటీ వాడగా నేను వినలేదు.

ఎండాకాలం మా ఊళ్ళో బావి అడుగంటితే తెల్లారకముందే దూరపు బావికి వెళ్ళి నాలుగు కడవలు మోసేది. వచ్చి సంగటి కెలికేది. మధ్యాహ్నం శనక్కాయలు వొలిచేది. సాయంత్రం నాన్న చేనునుంచి వస్తూనే "ఎద్దులు అలిసిపోయినాయి, కుడితి పెట్టు" అనేవాడు. పెట్టేది. వ్యాకరణం ఎద్దుతో సమానంగా చూసినా ఇంట్లో ఆ మాత్రం కూడా లేదన్నమాట!

"నేను అలసిపోయాను" అనడానికి ఆడా మగా తేడా లేదు. ఆ రూపం అందరిదీ. అమ్మ అదీ అనలేదు. ఒక్కరోజు మాత్రం కడవ గడపలోనే దించి, "శాతగాల్యా" అంది. చదువుకుంటున్న నేను తలెత్తకుండానే "ఊఁ" అన్నాను. ఆ కడవ లోపలికి ఎవరు తెచ్చారో నాకిప్పటికీ గుర్తు రాదు. అమ్మే తెచ్చుకుని ఉంటుంది.

నిన్న మళ్ళీ ఫోను. "అమ్మమ్మా, నువ్వు ఫెస్సానా?"

"అవునే, ఫెస్సానే."

పక్కగదిలోంచి మావారు "ఏమిటో ఆ భాష?" అన్నారు.

"ఈ పూట కాఫీ మీరే పెట్టాలని" అన్నాను.