సైలెన్సర్ మోత... జేబుకు కోత!

'వీటెక్' అన్న మాట వింటే చాలు, ముప్ఫై దాటిన కుర్రాళ్ల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి. 2003 దాకా మన దేశంలో అమ్మిన హోండా సిటీ వీటెక్ కారు సంగతి. ఒకటిన్నర లీటరు ఇంజిను, 106 గుర్రాల శక్తి. ఆ ఏడాది వచ్చిన కొత్త సిటీకి 77 గుర్రాలే ఉండటంతో పాతదాని మీద మోజు ఇంకా పెరిగింది.

పామర్రు దగ్గరి పల్లె నుంచి వచ్చి బెజవాడలో ఉద్యోగం చేసుకుంటున్న ఓ కుర్రాడికీ అదే మోజు. చిన్నప్పుడు సంక్రాంతికొచ్చిన చుట్టాల కారులో ముందు సీటెక్కిన నాటి కోరిక. కిందటేడు 2002 మోడల్ ఒకటి అమ్మకానికుందని తెలిసింది. నేలకు ఆనుకున్నట్టుండే బాడీ, వెడల్పాటి అల్లాయ్ చక్రాలు, స్టార్ట్ చేస్తే వీధి వీధంతా తిరిగి చూసే మోత! బెంజి సర్కిల్ దాకా ఓ రౌండు వేశాడు. అంతే, ఇక ఆగలేదు. మినుము పంట మీద వచ్చిన డబ్బు, ఇంటి శ్లాబు బాగు చేయించాలని నాన్న దాచింది, "ఆర్నెల్లలో ఇచ్చేస్తా నాన్నా" అని పట్టుకొచ్చాడు. "కారు ఖరీదెంతో దీని మీద అంత ఖర్చు పెట్టాను తమ్ముడూ" అన్నాడు అమ్మినాయన. అబద్ధం కాదు. నిజంగానే పెట్టాడు.

అమ్మానాన్నల్ని ఎక్కించుకుని ఊరికి బయల్దేరాడు. కంకిపాడు, ఉయ్యూరు దాకా బాగానే ఉంది. పామర్రు దాటి కాలువ గట్టెక్కేసరికి మొదలైంది గరగర. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దానిమీద వేసిన రోడ్లు అలల్లా ఉంటాయి. ప్రతి అలకూ కారు పొట్ట నేలకు రాసుకుంది. "ఏరా, ఏదన్నా ఊడిందా?" అన్నాడు నాన్న. తిరుగు ప్రయాణంలో ఆయన ఆర్టీసీ బస్సెక్కాడు, నడుం నొప్పి వంకతో.

లారీ బాడీలకు పేరుమోసిన జవహర్ ఆటోనగర్‌లో ఓ పెద్ద మేస్త్రి కారును పైకెత్తి చూశాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. స్ప్రింగుల్ని రంపంతో కోసేశారు. స్ప్రింగు పొట్టిదైతే మెత్తదనం పోతుంది. గుంటల్లో పడ్డ దెబ్బంతా షాకబ్జార్బర్ల మీదే. రెండూ నూనె కారుతున్నాయి. టైరు పల్చన కావడంతో స్పీడ్ బ్రేకర్ దెబ్బ రిమ్ముకే తగిలి ఒకటి వంగింది. ఫిల్టరు పెట్టె తీసేసి పైన బిగించిన శంకు ఆకారపు ఫిల్టరు ఇంజిను వేడిగాలినే పీలుస్తోంది. పాటల పెట్టెకు బ్యాటరీ నుంచి లాగిన తీగకు ఫ్యూజే లేదు. పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టర్ అసలు లేదు. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండే వస్తువది, ఏ పాత సామాన్ల కొట్టుకో చేరి ఉంటుంది.

మరి బ్రేకులు? అవి మాత్రం పాతవే. వాటి జోలికి ఎవరూ పోలేదు. వేగం కోసం అంత ఖర్చు పెట్టిన మనిషికి ఆగడం సంగతి తట్టలేదు!

"మామూలు చేసెయ్యి మేస్త్రీ" అన్నాడు కుర్రాడు. అక్కడే చిక్కు. బిగించిన వాటికి బిల్లులున్నాయి కానీ తీసేసిన వాటికి చిరునామా లేదు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు అసలు స్ప్రింగులు దొరకాలంటే అలాంటిదే ఇంకో కారు తుక్కుకు రావాలి. ఇలా వదిలేద్దామా అంటే చట్టం ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. పైగా సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. ఆ తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఈ కారుకు ఆ గడువు 2027.

ఈమధ్య గన్నవరం వైపు నుంచి ఓ కుర్రాడు బేరానికొచ్చాడు. మోత విని మురిసిపోయాడు. అడ్వాన్సు తీయబోతుంటే ఇతనే ఆపి, కారు కింద పడుకోబెట్టి, కోసిన స్ప్రింగుల్నీ తీగల్నీ ఒక్కొక్కటే చూపించాడు. వచ్చినవాడు చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. "అంతా చెప్పాలా ఏంటి బాబూ?" అని మేస్త్రి తిట్టాడు కూడా.

కారు ఆటోనగర్‌లోనే ఉంది. ఊళ్లో నాన్న శ్లాబు మీద టార్పాలిన్ పట్టా పరిపించాడు. డబ్బు మాట ఇంతవరకూ ఎత్తలేదు.