ఇసుక తేలే కాలం

కందకుర్తి దగ్గర మంజీరను, హరిద్రను కలుపుకొని గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. అప్పటికే జాయక్‌వాడి, బాబ్లీ ప్రాజెక్టులు దాటివచ్చిన నీళ్లవి. బాబ్లీ గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలనీ, మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలనీ 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. దిగువన ధర్మపురిలో కార్తీక పౌర్ణమి స్నానాలకు జనం దిగేనాటికి పైన గేట్లు దిగిపోయి ఉంటాయి.

ఆ తర్వాత పోచంపాడు. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీల కోసం కట్టారు. 2013-14 సర్వేలో అది 80 టీఎంసీలకు పడిపోయిందని తేలింది. ఆ పోయిన జాగాలో ఉన్నది ఒండ్రు. పైన చెట్టు పోయిన గుట్టల నుంచి, నల్లరేగడి చేల నుంచి వానకు కోసుకుపోయిన మట్టి అది. ఆయకట్టు రైతు నష్టం గురించి అందరం మాట్లాడతాం. ఆనకట్ట కింద నదికి జరిగిన నష్టం అంతగా చర్చకు రాదు. ఒండ్రు ఆగిన చోట ఇసుకా ఆగుతుంది. కిందికి కొత్త ఇసుక రాదు, ఉన్నది లారీలకెక్కుతుంది.

ఖానాపూర్ దాటాక ఎడమ నుంచి కడెం వాగు కలుస్తుంది. ఆదిలాబాద్ గుట్టల్లో పుట్టి, కుంటాల దగ్గర దూకి, 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ అడవి నీళ్లను మోసుకొచ్చే వాగు ఇది. అడవి నేల వానను పట్టి నెమ్మదిగా వదులుతుంది. చెట్టు పలచబడిన వాలు మీద పడిన చినుకు ఆగకుండా వాగులోకి పరుగెత్తుతుంది. పైగా వాన తీరు కూడా మారింది. 1950 నుంచి 2015 దాకా మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతివృష్టి మూడింతలైందని పుణె ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు 2017లో తేల్చారు. కడెం ప్రాజెక్టు కడుతుండగానే 1958 వరదకు దెబ్బతిన్నది. 2022 జులైలో అన్ని గేట్ల నుంచీ పోగలిగింది 3 లక్షల క్యూసెక్కులైతే, వచ్చిన వరద 5 లక్షలు దాటింది. ఏడాది తిరగ్గానే నీళ్లు మళ్లీ గేట్ల మీదుగా దూకాయి. కింది ఊళ్లు రెండుసార్లూ ప్రాణాలు అరచేత పట్టుకున్నాయి.

ఆ వరదంతా ధర్మపురికే వస్తుంది. ఇక్కడ గోదావరి దక్షిణానికి తిరుగుతుంది, నరసింహస్వామి గుడి కింద బండల నడుమ గుండాలు కట్టుకుంటుంది. ఒకప్పుడు దసరా దాటాక నీళ్లు రోజుకింత తగ్గేవి. సంక్రాంతికల్లా ఇసుక తేలేది. జనం చెలిమెలు తోడి తాగునీళ్లు పట్టుకునేవారు, పుచ్చ తీగలు పెట్టేవారు. తీతువులు గులకరాళ్ల నడుమ గుడ్లు పెట్టేవి, తాబేళ్లు ఇసుకలో పెట్టేవి. నది నెమ్మదిగా తగ్గే ఆ నాలుగైదు నెలల మీదే ఇన్ని బతుకులు ఆధారపడ్డాయి. నా మట్టుకు అసలు పోయింది ఆ కాలమే. వరదకు వరద వస్తుంది, ఎండకు ఎండ వస్తుంది, ఆ రెంటి నడుమ నెమ్మదిగా దిగే ప్రవాహం లేదు. గేటు ఎత్తితే పోటు, దించితే బండలు. వారం రోజుల వరదను చూసి నది బాగుందనుకోవడం మనకు అలవాటైపోయింది.

దిగువన కథ తిరగబడుతుంది. పెద్దవాగు కలిసే కోటిలింగాల దగ్గర శాతవాహనుల తొలినాటి నాణేలు దొరికాయి. ఆ తీరాన్ని ఎల్లంపల్లి వెనుక జలాలు ముంచాయి. శ్రీపాదసాగర్ అని పేరు పెట్టిన ఈ 20 టీఎంసీల ఎల్లంపల్లి ప్రాజెక్టు వెనుక నది చెరువులా నిలబడిపోయింది, ఇసుక తిన్నెలు అడుక్కి పోయాయి. ఒడ్డునే రామగుండం. సింగరేణి బొగ్గుతో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం నడుస్తుంది. మనిళ్లలో వెలుగు అక్కడిదే, ఆకాశాన్ని వేడెక్కించే పొగలో ఒక పాయ కూడా అక్కడిదే. కడెం మీద కుంభవృష్టిని, రామగుండం పొగగొట్టాలను వేరువేరు వార్తలుగా చదవడం నాకు చేతకావడం లేదు.

మంథని దగ్గర శివ్వారం అభయారణ్యాన్ని మొసళ్ల కోసం కేటాయించారు. మన మొసలి ఎండాకాలం ఆరంభంలో పొడి గట్టున గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. గట్టు మునిగితే గుడ్లు దక్కవు. మొసలిని వేటాడకుండా చట్టం ఆపగలదు, గట్టును నీటిమట్టం నుంచి కాపాడే ఏర్పాటు కూడా ఉండాలి.

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి కలుస్తుంది. కొద్ది దిగువనే మేడిగడ్డ బ్యారేజీ, 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగింది అక్కడే. ఇప్పుడు చూపు ప్రాణహిత మీదికి, దాని మీద తుమ్మిడిహట్టి దగ్గర తలపెట్టిన బ్యారేజీ మీదికి మళ్లింది. ఆ బ్యారేజీ ఎత్తు 148 మీటర్లా, 152 మీటర్లా అని రెండు రాష్ట్రాలు ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. జనవరి నుంచి మే దాకా గేట్ల కింద నుంచి నదికి ఎంత వదులుతారో ఆ రెండు రాష్ట్రాల ఒప్పందంలోనే అంకెతో సహా రాయాలి. శ్రీరాంసాగర్‌కూ ఎల్లంపల్లికీ ఆ అంకె ఇప్పుడైనా రాయవచ్చు.