పొరుగింటి కుక్క

పొరుగింటి పొగ మన యింటిలోనికి వచ్చినచో కిటికీ మూసికొందుము. పొరుగింటి వేపాకు మన వాకిట రాలినచో ఊడ్చికొందుము. శబ్దమునకు మాత్రము తలుపును లేదు, చీపురును లేదు. అందుచేతనే ఇరుగుపొరుగు కలహములలో శబ్దమువలన పుట్టునవి మిక్కిలి చేదుగా నుండును. వినువారు బాధపడుచుందురు, అలవాటైన యింటివారికి అది వినబడనే వినబడదు. ఈ విషయమై మా వీధిలో జరిగినది సోదరీమణులకు ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాము.

మేము కరీంనగరమున నివసించువారము. మావారు ఉపాధ్యాయులు. మా యింటికిని పొరుగింటికిని నడుమ నున్నది ఒక్క గోడయే. ఆ యింటి యజమాని పనికై దుబాయికి పోయియున్నాడు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములలో ఇట్టి యిండ్లు మనకు క్రొత్తవి కావు. భార్య తన ఐదేండ్ల పిల్లవానితో నుండి, పగలు బట్టలు కుట్టు దుకాణమున పనిచేయును. నిరుడు వానకాలమున ఆమె యొక కుక్కను దెచ్చి గేటుకడ గొలుసుతో గట్టినది. నాటినుండి మా వీధికి నిద్ర కరవైనది. పాలవాడు వచ్చినను, పిల్లలు బడికి బోయినను అది మొరుగును. రాత్రి ఎక్కడనో వీధికుక్క యొకటి ఊళ పెట్టిన చాలును, తెల్లవారువరకు ఆపదు. మా అత్తగారు రక్తపుపోటు గలవారు. మా అమ్మాయి పదవ తరగతి పరీక్షకు చదువుచుండెను. మావారు అర్ధరాత్రి వరకు జవాబు పత్రములు దిద్దుచుందురు. ముగ్గురికిని శాంతి లేకపోయెను.

ఒకనాడు వీధిలో నలుగురు చేరి నాలుగు విధములుగా జెప్పిరి. ఒకరు పోలీసు ఠాణాకు పోదమనిరి. ఒకరు నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టుదమనిరి. మరియొకరు, మాంసములో మందు కలిపి వేసినచో రెండు దినములలో పీడ వదలునని మెల్లగా ననిరి. ఆ మాట వినగానే మా గుండె ఝల్లుమన్నది. అచ్చట నున్నవారిలో ఒక్కరును దానిని కాదనకపోవుట అంతకంటెను భయము గలిగించినది. నిద్రలేమి మంచివారినిగూడ ఎంతదూరము గొనిపోవునో ఆనాడు చూచితిమి.

భారతమున కుక్క యనగానే ధర్మరాజు వెంట నడచినదియే అందరికిని జ్ఞప్తికి వచ్చును. కాని ఆ గ్రంథారంభముననే, ఆదిపర్వమున, మరియొక కుక్క కథ గలదు. జనమేజయుడు కురుక్షేత్రమున యాగము చేయుచుండగా దేవశునియైన సరమ కుమారుడు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టిరి. వాడు ఏడ్చుచు తల్లికడకు బోయెను. సరమ రాజుకడకు వచ్చి, తన బిడ్డ హవిస్సును ముట్టలేదనియు, కన్నెత్తి చూడనైన లేదనియు జెప్పి, ఎందులకు కొట్టితిరని యడిగెను. జవాబు లేకపోయెను. నిరపరాధిని బాధించినవారికి ఊహింపని భయములు వచ్చునని శపించి ఆమె వెడలిపోయెను. నన్నయభట్టారకుడు ఈ కథను తెనుగున జెప్పియున్నాడు. ఆ తల్లి యడిగిన ప్రశ్ననే మేము మా వీధివారిని అడిగితిమి: గేటుకడ గట్టబడిన కుక్క మొరుగుటలో దాని నేరమేమి?

పురాణము చాలనివారికి చట్టమునుగూడ జెప్పితిమి. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ననుసరించి, పరుల జంతువును చంపుట, విషము పెట్టుట, అంగహీనము చేయుట ఐదేండ్లవరకు కారాగారశిక్షకు దగిన నేరము. మందు కలిపిన మాంసమును ఆ కుక్కయే తినునని నమ్మకమేమి? వాకిట నాడుకొను పిల్లవాడు దానిని ముట్టినచో ఏమగును? అందరును ఊరకుండిరి.

మరునాడు, కుక్క మొరగని వేళయు, మా మనస్సు కుదుటబడిన వేళయు జూచి, ఒక గిన్నెలో సకినాలు తీసికొని ఆ యింటికి పోయితిమి. మేము నోరు తెరవక ముందే ఆమె కన్నీరు పెట్టినది.

“మీకు నిద్ర లేకుండ చేస్తున్నమని నాకెరుకే అక్కా. ఆయన అక్కడ, నేనిక్కడ. ఇంతకుముందు రాత్రి గేటు చప్పుడైతే పిల్లగాన్ని పట్టుకొని కూసుంటుంటి. ఇది వచ్చినంకనే జర పండుకుంటున్న.”

మాకు నిద్ర చెరచు శబ్దమే ఆమెకు నిద్ర నిచ్చుచున్నది! కుక్కను తోలివేయుమని చెప్పుటకు రాలేదనియు, అది ఎందులకు మొరుగుచున్నదో ఇద్దరము కలిసి విచారింతమనియు జెప్పితిమి.

ప్రభుత్వ పశువైద్యశాలకు దానిని తీసికొని పోయితిమి. వైద్యుడు దానికి రోగమేమియు లేదని చెప్పి, వెఱ్ఱి రాకుండ టీకా వేసెను. గేటుముందు నడచినవాడు తనదారిన తాను పోవును. కుక్క మాత్రము తన అరుపునకు బెదరి పోయెనని యెంచును. ఇట్లు దినమునకు నూరుమార్లు గెలిచిన జంతువు ఎందులకు మానును? పైగా పగలంతయు కురుచ గొలుసున ఒంటరిగా నున్నందున దాని బలము వ్యయమగు మార్గము లేదు. మనము అదలించినచో మనమును తనతోబాటు మొరుగుచున్నామని తలచును.

అంతట కుక్కను గేటుకడనుండి పెరటిలోనికి మార్చి, త్రోవ కనబడకుండ తడక కట్టించితిమి. గొలుసు తీసి పొడవైన త్రాడు వేసితిమి. ఉదయము ఆమెయు, సాయంకాలము మా అబ్బాయియు దానిని అరగంటసేపు నడిపింతురు. రాత్రి లోపలి వసారాలో పడుకొనును. ఊరకున్న వేళ జూచి రొట్టెముక్క పెట్టుదురు. నెల దినములలో మార్పు కనబడినది. మా అమ్మాయి పరీక్షలు నెమ్మదిగా వ్రాసినది. క్రొత్తవాడు గోడ దగ్గరకు వచ్చిన నేటికిని మొరుగును. అందుకొరకే గదా దానిని తెచ్చినది!

మంచిమాట ఫలింపని చోట్లును గలవు. అట్టివారు ఈ సంగతు లెరిగియుండుట మేలు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, నిత్యము కట్టివేసిన కుక్కకు తగిన వ్యాయామము కలిగింపని యజమానిని దోషిగా నెంచును. 2000 నాటి శబ్దకాలుష్య నియమములు రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆరుగంటలవరకు నివాసస్థలములకు 45 డెసిబెళ్లు హద్దుగా నిర్ణయించినవి. పగటి హద్దు 55. ఏ దినమున ఏ వేళ ఎంతసేపు మొరిగినదో పది దినములు వ్రాసియుంచి, ఇరుగుపొరుగువారి సంతకములతో నగరపాలక సంస్థకు దరఖాస్తు పెట్టవచ్చును.

కాని సోదరీమణులారా, దరఖాస్తు వ్రాయుటకు ముందు ఒక్కమారు ఆ యింటి గడప దాటుడు. కోపముతో గాక, తీరిక వేళ పొండు. ఆ కుక్కను ఎందులకు దెచ్చిరో అడుగుడు. దానిని పగలు చూచువారు లేనిచో, మీ యింటి పిల్లవాని అరగంట యొకటి ఇచ్చుటకు వీలగునేమో యోచింపుడు. దరఖాస్తునకు జవాబు వచ్చులోపల ఆ అరగంటయే మీ రాత్రులను మీకు తిరిగి యీయవచ్చును.