ట్రయల్ బ్యాలెన్స్ కుదిరింది, కానీ...

డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యాక జగదల్‌పూర్‌లో ఉంటున్నాను. బైలదిలా ఇనుప ఖనిజంతో విశాఖ వెళ్ళే గూడ్సు బళ్ళను చూసి చూసి, రిటైర్మెంటు డబ్బులో కొంత ఎన్‌ఎండీసీ షేర్లలో పెట్టాను. మిగతాది బంగారంలో పెట్టాను. "రెండిటి మధ్య కోరిలేషన్ దాదాపు సున్నా సార్, ఒకటి పడితే ఇంకోటి కాపాడుతుంది" అన్నాడొక సలహాదారు. నమ్మాను.

2020 మార్చి రెండో వారంలో కరోనా భయంతో షేర్లు కుప్పకూలాయి. అదే వారం బంగారమూ పడింది. నగదు అవసరమైనవాళ్ళు చేతికందినదల్లా అమ్మారు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఆపరేషన్‌కి డబ్బు కావలసివచ్చి, రెండూ తగ్గిన ధరకే అమ్మాను.

మరి ఆ సున్నా అబద్ధమా? కాదు. దాన్ని 'సంబంధం లేదు' అని చదువుకోవడమే తప్పు. ఒక వస్తువు అయిదు రోజుల్లో -2, -1, 0, 1, 2 చొప్పున కదిలిందనుకోండి. రెండోది దాని వర్గం ప్రకారం 4, 1, 0, 1, 4 కదిలింది. మొదటిది తెలిస్తే రెండోది కచ్చితంగా చెప్పేయొచ్చు. అయినా పియర్సన్ కోరిలేషన్ సున్నాయే! లబ్ధాలు -8, -1, 0, 1, 8 కూడితే ఏమీ మిగలదు. అది సరళరేఖ సంబంధాన్నే కొలుస్తుంది. ర్యాంకులతో లెక్కించే స్పియర్‌మన్ పద్ధతికీ ఇది చిక్కదు.

కామర్స్ చదివినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒక తప్పు ఇంకో తప్పుని కప్పేస్తే ట్రయల్ బ్యాలెన్స్ చక్కగా కుదురుతుంది. కుదిరింది కాబట్టి తప్పుల్లేవని ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. నేను మాత్రం పెట్టాను!

2007లో సెకెయ్, రిజ్జో, బకిరోవ్ 'డిస్టెన్స్ కోరిలేషన్' అనే కొలత ప్రతిపాదించారు. ప్రతి రెండు రోజుల కదలికల మధ్య దూరాలను రెండు వస్తువులకూ లెక్కగట్టి, ఆ దూరాలను సరిపోలుస్తారు. దూరానికి ప్లస్ మైనస్ గుర్తులుండవు కాబట్టి పై ఉదాహరణలోలా కొట్టేసుకోవడం జరగదు. పూర్తి లెక్కలో ఇది సున్నా అయితే నిజంగానే సంబంధం లేనట్టు.

ఇదీ మంత్రం కాదు. కారణం చెప్పదు. చాలా రోజుల లెక్కలు కావాలి. గత లెక్కల్లో సంక్షోభమే లేకపోతే ఏ కొలతా దాన్ని చూపించలేదు.

జాతకం చెప్పేవాణ్ణి "రుజువేది?" అని నలభై ఏళ్ళుగా నిలదీశాను. దశాంశ బిందువున్న అంకె కనబడగానే "నువ్వు కొలిచేదేమిటి?" అని అడగడం మర్చిపోయాను.