ఎంసీబీ వైరును కాపాడుతది, మనిషిని కాదు

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. మన గ్రూపులో నోటిఫికేషన్లు, హాస్టల్ సమస్యలు, పోడు పట్టాల గురించి రోజూ మాట్లాడుకుంటాం. ఈరోజు నేను రాసేది మన పిల్లలు రాత్రిపూట పనిచేసే చోటు గురించి. బార్లు, పర్మిట్ రూములు, దాబాలు. తాగుడు మంచిదా చెడ్డదా అన్న ముచ్చట కాదు, దాని గురించి మన పెద్దలు చాలా చెప్పిన్రు. నేను చెప్పేది అక్కడి కరెంటు గురించి.

భద్రాచలం, సారపాక, పాల్వంచ, కొత్తగూడెం, ఇటు ఖమ్మం దాకా నేను చూసిన బార్లలో గ్లాసులు కడిగేటోడు, టేబుళ్లు తుడిచేటోడు, వంటింట్లో ఉల్లిగడ్డ కోసేటోడు ఎక్కువగా మన ఏజెన్సీ పిల్లలే. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, పినపాక వైపు నుంచి వస్తారు. డిగ్రీ సెలవుల్లో రెండు నెలలు చేసి ఫీజు కట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసిన. ఆ తర్వాత ఒక వైరింగ్ కాంట్రాక్టర్ దగ్గర పనికి కుదిరి ఇట్లాంటి చోట్లన్నీ తిరిగిన. అప్పుడు చూసిందే రాస్తున్నా.

ఇంట్లో తప్పుగా చేసిన వైరింగ్ ప్రమాదమే. బార్‌లో అదే తప్పు ఇంకా పెద్ద ప్రమాదం. ఎందుకంటే అక్కడ నేల ఎప్పుడూ తడే. ఐసు కరుగుతది, బీరు ఒలుకుతది, గ్లాసులు కడిగిన నీళ్లు పారుతయి, మూసే ముందు నేలంతా కడుగుతారు. ఆ తడి మీద అరిగిపోయిన స్లిప్పర్లతో, ఒక్కోసారి వట్టి కాళ్లతో మనోడు నిలబడతడు. చుట్టూ బాటిల్ కూలర్లు, డీప్ ఫ్రీజర్లు, మిక్సీలు, అన్నీ ఇనుప బాడీవే. తడి కాలు, తడి చెయ్యి, ఇనుప బాడీ. ఎర్త్ లేకపోతే ఈ మూడు చాలు.

నేను ఎక్కువగా చూసిన పనులు ఇవి. మూడు పిన్నుల ప్లగ్గుకి పైనున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్‌లో పెట్టడం. ప్లగ్గే లేకుండా రెండు తీగలు సాకెట్‌లో గుచ్చి అగ్గిపుల్లలతో బిగించడం. జాయింట్ల మీద టేపు బదులు ప్లాస్టిక్ కవరు చుట్టడం. రేకుల షెడ్డులో సీరియల్ బల్బుల తీగను రేకు అంచు మీదుగా లాగడం. గాలికి ఆ తీగ రాసుకుని తోలు ఊడితే రేకు మొత్తానికి కరెంటు వస్తది. ఇంకోటి, ఎర్త్ గుంత తవ్వే ఖర్చు ఎందుకని సాకెట్‌లో ఎర్త్ పాయింటును న్యూట్రల్‌కి కలిపేయడం. పైకి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తది. ఎక్కడన్నా న్యూట్రల్ ఊడిన రోజు ఫేజు మొత్తం ఫ్రీజర్ బాడీ మీదికి వస్తది.

ఇక ఎంసీబీ సంగతి. "మా దగ్గర ఎంసీబీ ఉంది, ఏమైనా అయితే పడిపోతది" అని ప్రతి ఓనరూ చెప్తడు. మన పిల్లలూ అదే నమ్ముతరు. ఇక్కడే అసలు మోసం ఉంది. 16 ఆంపియర్ల ఎంసీబీ 16 దాటితేనే పడతది. మనిషికి 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే చెయ్యి బిగుసుకుంటది, పట్టుకున్నది వదలలేడు. 100 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోంచి పోతే గుండె లయ తప్పుతది. మామూలు 60 వాట్ల బల్బు తీసుకునేదే సుమారు 260 మిల్లీ ఆంపియర్లు. అంటే ఒక బల్బు వెలగడానికి కావాల్సిన దాంట్లో సగం కూడా లేకుండానే మనిషి పోతడు. ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. అది ఉన్నది వైరు కాలిపోకుండా కాపాడటానికి. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంటది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే కన్నుమూసి తెరిచేలోపు కట్ చేస్తది. దాని మీద "టెస్ట్" అని చిన్న బటన్ ఉంటది. నేను పనిచేసిన బార్లలో ఆ బటన్ ఉన్న బోర్డులు చాలా తక్కువ.

వైరును కాపాడే ఆ ఎంసీబీని కూడా ఉండనివ్వరు. కొత్తగా ఏసీ పెడతారు, ఇంకో ఫ్రీజర్ తెస్తారు, డీజే బాక్సులు పెడతారు. వైరు మాత్రం పాతదే, 1.5 స్క్వేర్ ఎంఎం. లోడు ఎక్కువై ఎంసీబీ మాటిమాటికీ పడుతుంటే గిరాకీ పాడవుతోందని 16 తీసి 32 పెడతారు. పాత కటౌట్ అయితే ఫ్యూజు తీగ బదులు మందం రాగి తీగ చుడతారు. ఇక ఏదీ పడదు. వైరు మాత్రం ఫాల్స్ సీలింగ్ లోపల, థర్మాకోల్ పక్కన, నెమ్మదిగా కాగుతుంటది.

మా పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు అయితడు. డిగ్రీ రెండో సంవత్సరంలో మా వైపే ఒక బార్‌లో పనికి పోయిండు. వానాకాలం. రాత్రి మూసే టైముకి నేల కడిగి, బాటిల్ కూలర్ హ్యాండిల్ పట్టుకున్నడు. చెయ్యి అతుక్కుపోయింది. అరుద్దామంటే గొంతు రాలేదంట. పక్కనున్న పిలగాడు తెలివిగలోడు, చేత్తో ముట్టకుండా ప్లాస్టిక్ కుర్చీతో నెట్టిండు. మావాడు వెనక్కి పడితే తలకి దెబ్బ తగిలింది, ఆరు కుట్లు. బతికిండు. మూడు వేళ్లు ఇప్పటికీ తిమ్మిరిగానే ఉంటయి అంటడు, పరీక్ష రాసేటప్పుడు పెన్ను జారుతదంట. ఓనరు మా పెద్దమ్మతో అన్న మాట: "ఏమన్నా తాగిండేమో అడగమ్మా." మా తమ్ముడు ఇప్పకల్లు కూడా ముట్టనోడు.

తెల్లారి నేను పోయి చూసిన. కూలర్ బాడీకీ, గోడ మీదున్న ఇనుప నల్లా పైపుకీ మధ్య మల్టీమీటర్ పెడితే 190 వోల్టులు. బోర్డులోంచి ఎర్త్ తీగ బయటికి వచ్చి గోడ వెంట పోయి, కిటికీ పక్కన ఆగిపోయింది. దానికి గుంత లేదు, పైపు లేదు, గాల్లో వేలాడుతోంది. ఇది మార్చాలె అని చెప్పిన. "ఇన్నేండ్ల నుంచి నడుస్తలేదా?" అన్నరు. ఒక ఆర్‌సీసీబీ, ఒక జీఐ పైపు, ఉప్పు, బొగ్గు, ఒక రోజు కూలీ. శనివారం రాత్రి ఒక్క పూట గల్లాలో పడే డబ్బుల కంటే తక్కువే. మూడో రోజు కూలర్ ముందు ఒక రబ్బరు మ్యాట్ వేసిన్రు. అంతే.

ఎందుకిట్లా అని ఆలోచిస్తే నాకు ఒక కారణం కనిపించింది. మన రాష్ట్రంలో వైన్ షాపు లైసెన్సు రెండేళ్లకే. 2021-23, 2023-25, మళ్లీ లాటరీ. వచ్చేసారి షాపు తనకే వస్తదో లేదో తెలియనోడు, కిరాయి బిల్డింగులో, రేకుల పర్మిట్ రూముకి మంచి వైరింగ్ ఎందుకు చేయిస్తడు? రెండేళ్లు లాగితే చాలు. అందుకే లైసెన్సున్న కాంట్రాక్టర్‌ని పిలవరు, ఊళ్లో "కరెంటు పని తెలుసు" అనే పిలగాణ్ణి పిలుస్తరు. ఆ పిలగాడు కూడా చాలాసార్లు మనోడే. ఐదొందలు, ఒక క్వార్టరు.

ఇంకో సంగతి మనం గట్టిగా పట్టించుకోవాలె. 2021 నుంచి వైన్ షాపుల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. చాలాచోట్ల లైసెన్సు మనోడి పేరు మీద, పెట్టుబడి ఇంకొకరిది అని మనందరికీ తెలిసిన ముచ్చటే. లాభం వాళ్లకి పోతది. రేపు ఎవరన్నా షాక్ కొట్టి చనిపోతే మొదట వెతికేది కాగితం మీదున్న పేరునే. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106 సెక్షన్, అంతకుముందు ఐపీసీ 304-ఏ. సంతకం పెట్టే ముందు బోర్డు తెరిచి చూడమని మీ బంధువులకి చెప్పండి.

మంటల సంగతి కూడా చెప్పాలె. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు వచ్చినయి. ఆరుగురు చనిపోయిన్రు. అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి పని కోసం పోయినవాళ్లు. షార్ట్ సర్క్యూట్ అని అనుమానించిన్రు. వాళ్ల ప్రాణం తీసింది పొగ. వైరు మీది పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటది, రెండు మూడు సార్లు పీల్చేసరికి గొంతు, ఊపిరితిత్తులు మూసుకుపోతయి. 2025 డిసెంబరులో గోవాలో ఒక నైట్ క్లబ్ కాలి 25 మంది పోయిన్రు. అది కరెంటు వల్ల కాదు, లోపల కాల్చిన బాణసంచా వల్ల అన్నరు. నాకు గుర్తుండిపోయింది వేరే విషయం. పోయినవాళ్లలో ఎక్కువమంది తాగడానికి వచ్చినవాళ్లు కాదు, అక్కడ పనిచేసే పిల్లలు, కింద వంటింట్లో చిక్కుకున్నవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో పొట్టకూటికి వచ్చినవాళ్లు. మన బార్లలో కూడా వంటగదికి ఒకటే దారి ఉంటది. వెనక తలుపు ఉంటే దానికి బీరు కేసులు అడ్డం పెడతరు.

భద్రాచలం వైపు వాళ్లకి వరద గోల ఒకటి అదనం. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులు వచ్చింది గుర్తుందా? నీళ్లు తీసినంక బురద కడిగి, మరుసటి రోజే మెయిన్ ఆన్ చేసిన షాపులు ఎన్నో. పైపుల్లో, బోర్డుల వెనక నీళ్లు అట్లనే ఉంటయి. మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడకుండా మునిగిన వైరింగ్‌కి కరెంటు ఇవ్వకూడదు. మునిగిన ఎంసీబీలు, సాకెట్లు మార్చాల్సిందే, ఆరబెడితే సరిపోదు.

కరెంటు పోతే జనరేటర్ తీగను తెచ్చి సాకెట్‌లో గుచ్చే అలవాటు కూడా మానిపించండి. చేంజోవర్ స్విచ్ లేకపోతే ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి ఎక్కుతది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తిరగేసి 11 కేవీ చేస్తది. సప్లై ఆపినమని నమ్మి పోలు ఎక్కిన హెల్పర్ అక్కడికక్కడే పోతడు. ఆ హెల్పర్లలో మన అన్నలు ఎంతమందో లెక్కేసుకోండి.

పని దొరికిన చోట ఇవన్నీ అడిగితే పని పోతది అంటారు. నిజమే. అందుకే అడగకుండా మనం చేసుకోగలిగినవి ముందు చెప్తున్నా. మొదటి రోజే మెయిన్ స్విచ్ ఎక్కడుందో, వెనక తలుపు ఎటుందో చూసుకోండి. నేల కడిగేముందు కూలర్ల ప్లగ్గులు తీయండి. కొత్త ఫ్రిజ్ బాడీని అరచేత్తో పట్టుకోవద్దు. చిన్న చురుకు తగిలినా "మామూలే" అనుకోవద్దు, అది పెద్ద దెబ్బకి ముందు హెచ్చరిక. ఎవరికన్నా షాక్ తగిలితే ముట్టుకోకుండా మెయిన్ ఆపండి. ఆపలేకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా ఒత్తుతూ 108కి ఫోన్ చేయించండి. పోలు, సర్వీసు వైరు సమస్య అయితే 1912.

ఎలక్ట్రీషియన్ ట్రేడు చేస్తున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఐటీఐ సర్టిఫికెట్‌తో ఆగొద్దు, వైర్‌మెన్ పర్మిట్ తీసుకోండి. లైసెన్సున్నవాళ్లే వైరింగ్ చేయాలని నిబంధన ఉంది. పర్మిట్ ఉంటే "ఇట్లా చెయ్యను సార్" అని చెప్పే ధైర్యం వస్తది, కూలీ కూడా పెరుగుతది. గ్రామసభల్లో తిరిగే అన్నలకి ఇంకో మాట. మన షెడ్యూల్డ్ ఏరియాలో మద్యం విషయంలో మాట్లాడే హక్కు 1996 పెసా చట్టం గ్రామసభకి ఇచ్చింది. షాపు పెట్టాలా వద్దా అన్నదాంతోనే ఆపకుండా, "ఎర్త్ గుంత ఎక్కడ, ఆర్‌సీసీబీ ఏది, వెనక తలుపు తెరిచి చూపించు" అని కూడా తీర్మానంలో రాయించండి.

మీ మండలంలో బార్లలో, దాబాల్లో పనిచేసే మనోళ్లు ఎవరున్నారో మీకే తెలుసు. ఈ పోస్టు చదవలేని వాళ్లకి ఫోన్ చేసి, ప్లగ్గు తీసి నేల కడగమని ఒక్క మాట చెప్పండి.